ముప్పై ఒక్క పొయ్యిల జాబితా

ఆ జాబితా తయారు చేసింది నేనే. ఈ మాట ముందుగా ఒప్పేసుకుంటే మిగతాదంతా చెప్పడం తేలిక.

మొన్న నేను ఉద్యోగం నుంచి బయటికి వచ్చేటప్పుడు కొత్తగా చేరిన పిల్లలు నలుగురైదుగురు చుట్టూ చేరి, "మీ సర్వీసులో మర్చిపోలేని రోజు ఏదండీ?" అని అడిగారు. చేతుల్లో ట్యాబులు, మెళ్ళో గుర్తింపు కార్డులు. మర్నాటి నుంచి ఊళ్ళ మీద పడి ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడగవలసినవాళ్ళు. అప్పటికి నవ్వేసి తప్పించుకున్నాను. అది పావుగంటలో తేలే సంగతి కాదు. ఇప్పుడు తీరిక దొరికింది కాబట్టి రాస్తున్నాను. అంకెలు కాస్త ఎక్కువయ్యాయనిపిస్తే క్షమించండి. నాకు మాటలకంటే అవే ముందు వస్తాయి.

నేను చదివింది ఇంటర్మీడియట్. అందులో ఒక సబ్జెక్టు ఇప్పటికీ మిగిలే ఉంది. లెక్కలు కాదు లెండి, ఇంగ్లీషు. నాలుగైదేళ్ళు ఖాళీగా తిరిగి, తరవాత పద్దెనిమిదేళ్ళపాటు ఒక కొబ్బరి కొట్లో కాయలు లెక్కపెట్టాను. మొదటి విసురుకి ఒకటి అనకూడదు, 'లాభం' అనాలి. లాభం, రెండు, మూడు అంటూ చేతికి రెండేసి కాయల చొప్పున విసురుతూ రోజుకి వేల కాయలు. మధ్యలో ఎవరు పలకరించినా జవాబు చెప్పేవాణ్ణి, లెక్క తప్పేవాణ్ణి కాదు. కొట్టు యజమాని పాత కంప్యూటరు ఒకటి మూల పడేస్తే, దాని ముందు కూచుని పట్టికలు వెయ్యడం, గీతలు గియ్యడం నాకు నేనే నేర్చుకున్నాను. అమలాపురంలో ఒక సంస్థవాళ్ళు ఇంధనం మీద పరిశోధనకి ఆఫీసు తెరిచి, అంకెలు వచ్చిన మనిషి, చుట్టుపక్కల ఊళ్ళు తెలిసిన మనిషి కావాలంటే వెళ్ళాను. అప్పటికి నాకు నలభై దాటింది. పరీక్షగా ఒక పట్టిక ఇచ్చి తప్పు పట్టమన్నారు. మూడు పట్టాను. వాళ్ళకి తెలిసినవి రెండే.

ఇక సంగతిలోకి వస్తాను. మామిడికుదురు మండలంలో ఒక ఊరు. ఆ చుట్టుపక్కల పొలాల కిందనుంచి గ్యాసు పైపులు పోతాయి. పైన ఇళ్ళల్లో మాత్రం కొబ్బరి మట్టల పొయ్యిలు వెలుగుతుంటాయి. సిలిండర్లు లేవా అంటే ఉన్నాయి. పండక్కీ చుట్టాలకీ దాచి పెట్టుకుంటారు. అలాంటి ఊళ్ళో కరెంటు పొయ్యి ఇస్తే వాడతారా, వాడితే కరెంటు ఎంత కావాలి, ప్రభుత్వం దీన్ని పథకంగా పెట్టొచ్చా అన్నది మా పరిశోధన. నూట నలభై ఇళ్ళకి పొయ్యిలు ఇచ్చాం. ప్రతి ఇంట్లో గోడ ప్లగ్గుకి సబ్బుపెట్టెంత మీటరు ఒకటి తగిలించాం. ఏ రోజు ఏ వేళ ఎంత కరెంటు కాలిందో అది అమలాపురంలో నా కంప్యూటరుకి పంపించేస్తుంది.

ఐదు నెలలు కావస్తుండగా సర్వే చేశాం. నలభై ప్రశ్నల కాగితం. పొయ్యి బాగుందా? బాగుందండి. వాడుతున్నారా? ఆయ్, వాడుతున్నామండి. ఇబ్బంది ఏమైనా ఉందా? మీరుండగా మాకు ఇబ్బందేంటండి! మా ఇంజినీరు గారు నా పట్టిక చూసి కళ్ళజోడు తీసేశారు. ఆయనది విశాఖ వైపు. మంచి మనిషి, ప్లగ్గు వాసన చూసి లోపల ఏ తీగ కాలిందో చెప్పగలిగిన మనిషి.

"నూటికి నూరా? మీ కోనసీమలో కాదనేవాడు ఒక్కడూ పుట్టలేదా?" అన్నారు.

"ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చరండి మావాళ్ళు," అన్నాను గర్వంగా. ఆ గర్వంలోనే ఒక పాఠం ఉందని అప్పుడు తెలీదు.

వారం తిరక్కుండా మీటర్లు ఇంకో కథ చెప్పాయి. కొన్ని ఇళ్ళల్లో నెలకి ఇరవై యూనిట్లు, కొన్నిట్లో రెండు. ఇంజినీరు గారు బల్ల చరిచారు. "మనుషులు మొహమాటానికి చెబుతారు. మీటరుకి మొహమాటం లేదు. వాడనివాళ్ళ దగ్గర పొయ్యి ఎందుకు? రాజోలు వైపు జనం అడుగుతున్నారు, అక్కడికి మార్చేద్దాం. మీరొక రూలు పెట్టండి."

పెట్టాను. ఒక నెల తీసుకుని, ఐదు యూనిట్లకి తక్కువైతే 'వాడని ఇల్లు'. పావుగంట కూడా పట్టలేదు. ముప్పై ఒక్క ఇళ్ళు తేలాయి. అన్నీ ఒకచోటే, ఊరి చివర చర్చి వెనకాల కాలనీలో. వలుపు పనికి వెళ్ళేవాళ్ళ ఇళ్ళు అవి. అంటే తోటల్లో దింపిన కొబ్బరికాయలకి పైనుండే పీచు డొక్క తీసే పని. జాబితా పైకి వెళ్ళింది. శుక్రవారం వ్యాను వస్తుంది, పైనుంచి ఒక ఆఫీసరు గారు కూడా వచ్చి దగ్గరుండి చూసుకుంటారని కబురు వచ్చింది.

అది సోమవారం. ఆ రోజే మా ఆఫీసులో ఒక అమ్మాయి చేరింది.

అనంతపురం వైపు పిల్ల, సమాజశాస్త్రంలో డాక్టరేటు. ఇలాంటి పరిశోధనల్లో ఆ చదువు చదివినవాళ్ళు ఒకరుండాలని మాకు పైనుంచి షరతు, అందుకని వచ్చింది. ఇంజినీరు గారు నా చెవిలో, "మీటరుండగా ఈవిడెందుకండీ? కరెంటుకి కులమా మతమా?" అన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ అమ్మాయి నా జాబితా చదివి ఒక్కటే అడిగింది. "ముప్పై ఒకటీ ఒకే కాలనీలో ఎందుకున్నాయి సార్?"

"వాళ్ళు వాడటం లేదు కాబట్టి."

"అది నా ప్రశ్నే సార్, జవాబు కాదు."

మంగళవారం పొద్దున్నే నా స్కూటరు మీద ఇద్దరం బయల్దేరాం. కాలనీలో మూడో వరుస చివరింట్లో ఒకావిడ ఉంటుంది. నలభై ఏళ్ళుంటాయేమో, ఆయాసం మనిషి. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకి గోడ పట్టుకుంటుంది. భర్త వలుపు పనికి వెళతాడు. నా జాబితాలో మొదటి ఇల్లు అదే, ఎందుకంటే అన్నిటికంటే తక్కువ యూనిట్లు అక్కడే. మమ్మల్ని చూడగానే మంచం వాల్చి, చెంబుతో నీళ్ళు తెచ్చి, "రండి అన్నయ్యగారు, రండి అమ్మాయిగారు," అంది.

నేను నా అలవాటు ప్రకారం, "పొయ్యి బానే ఉందా అమ్మా?" అన్నాను.

"ఆయ్, బ్రహ్మాండంగా ఉందండి."

ఆ అమ్మాయి నా మోచేతి మీద చిన్నగా తట్టి, నేల మీద చతికిలబడి కూచుంది. "అక్కా, నిన్న పొద్దున ఏం వండినావు?"

ఆవిడ నవ్వింది. నిన్న పొద్దున అన్నం, దోసకాయ పప్పు. దేనిమీద? డొక్కల పొయ్యి మీద, బయట పెరట్లో. మొన్న? మొన్నా అంతే. మరి ఏ రోజు కరెంటు పొయ్యి మీద వండావు? వాన పడిన రోజుల్లో అంది. మొన్నామధ్య వానకి వరసగా నాలుగు రోజులు కరెంటు పొయ్యే. డొక్కలు తడిసిపోతే ఇంట్లో పెట్టి ఊదాలి, ఊదితే పొగ, పొగ వస్తే తనకి ఊపిరాడదు.

"క్రిందటేడు వానాకాలంలో రెండుసార్లు అమలాపురం ఆసుపత్రిలో పడేసేరండి నన్ను. ఈ ఏడు ఒక్కసారీ వెళ్ళలేదు. అదుగో, ఆ పళ్ళెంలాటి పొయ్యే కాపాడింది."

వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాను. వ్యాను ఎల్లుండి కాక ఆవలెల్లుండి వస్తుంది. కోనసీమ వాన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

"అంత మంచిదైతే రోజూ ఎందుకు వాడవమ్మా?" నా గొంతులో కాస్త కోపం కూడా ఉంది. నా రూలు మీద నాకున్న ప్రేమ అది.

ఆవిడ నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "డొక్కలేం చెయ్యమంటారండి?"

అప్పుడు చెప్పింది. వలుపుకి వెళ్ళినవాళ్ళు కూలితోపాటు ఒక మోపు డొక్కలు ఇంటికి తెచ్చుకోవడం వాళ్ళ తాతలనాటినుంచీ ఉన్న మర్యాద. తోట ఆసామి ఇస్తాడు, వీళ్ళు పుచ్చుకుంటారు. ఒక దింపుకి, అంటే చెట్లెక్కి కాయలు దించిన ఒక విడతకి, తెచ్చుకోకపోతే, పై దింపుకి 'వీళ్ళకి అక్కర్లేదట' అని మొత్తం పీచు ఫ్యాక్టరీ లారీకి ఎత్తించేస్తారు. ఒకసారి పోయిన మర్యాద మళ్ళీ రాదు. అందుకని అక్కరున్నా లేకున్నా తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాక ఆరబెట్టి తగలెయ్యాలి. లేకపోతే కుప్పలో పాములు చేరతాయి, పై దింపు డొక్కలకి చోటుండదు.

"రేపు కరెంటు పొయ్యి పాడైపోయిందనుకోండి. డొక్కలూ లేక, పొయ్యీ లేక ఏం తింటాం అన్నయ్యగారు? అందుకే దాన్నీ వదలం, దీన్నీ వదలం."

తిరుగు దారిలో ఆ అమ్మాయి వెనక సీటు మీదనుంచి గాలిలో అరిచినట్టు మాట్లాడుతూనే ఉంది. "సార్, వాళ్ళు ఇంధనం కాల్చడం లేదు సార్, హక్కు కాలుస్తున్నారు! వాడకపోతే పోయే హక్కు!" నాకు సగమే అర్థమైంది. కానీ ఆ సగమే నా లెక్కల బుర్రలో ఒక ముల్లులా దిగింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాను. మా ఆవిడకి జరిగింది చెబుతూ, "డొక్కలు అంతలా కాలుస్తారనుకోలేదు," అన్నాను.

ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆపింది. "మీరు రోజూ పొద్దున్నే స్నానం చేస్తున్నారే, ఆ వేణ్ణీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయనుకున్నారు?"

"గీజరు..."

"గీజరు పాడై ఏణ్ణర్థం అయిందండీ. పెరట్లో డొక్కల పొయ్యి నేను కాదు, దేవకన్యలు వచ్చి వెలిగిస్తున్నారు. పద్దెనిమిదేళ్ళు కొబ్బరి కొట్లో కాయలు లెక్కపెట్టేరు. కాయకి డొక్క ఉంటుందని తెలుసా, తెలీదా?"

వెటకారం చెయ్యడంలో మా వైపు ఆడవాళ్ళకి పరీక్షలు పెడితే మా ఆవిడకి ఫస్టు క్లాసు. కానీ ఆ మాటతో నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది. కాయకి డొక్క ఉంటుంది. డొక్క దింపు రోజునే వస్తుంది. దింపు రెండు నెలలకోసారి వస్తుంది. నేను తీసుకున్నది ఒక్క నెల!

పెరుగు కూడా వేసుకోకుండా ఆఫీసుకి పరుగెత్తాను.

బుధవారం సాయంత్రానికి ఆఫీసు నేల మీద ఖాళీ లేదు. ముప్పై ఒక్క ఇళ్ళకీ ఐదు నెలల వాడకం రోజువారీగా గీతలు గీసి, కాగితాలు ఒకదాని కింద ఒకటి పరిచాను. నెలవారీ సగటు తీసినప్పుడు చదునుగా కనిపించిన ఇళ్ళు, రోజువారీగా గీస్తే అలలు! కొండ, లోయ, కొండ, లోయ. కాలనీలో ఇళ్ళ వరస మారితే లోయలు రెండు మూడు రోజులు ముందూ వెనకా. కొట్టు రోజుల్లో నాకు తెలిసిన దింపు మేస్త్రికి ఫోను చేశాను.

"ఏంటి గురువుగారూ, మళ్ళీ కొట్లో చేరేరా ఏంటి?" అన్నాడు.

"లేదయ్యా. కాలనీ పక్క తోటల్లో ఈ ఐదు నెలల్లో దింపులు ఎప్పుడెప్పుడు చేశారో చెప్పు."

చదువు లేని మనిషి. ఏ తోటకి ఏ వారం ఏ రోజున ఎక్కాడో గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. ఒక్కొక్క రోజూ కాగితాల మీద ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ పోయాను. ప్రతి ఎర్ర గుర్తుకీ ఎనిమిది తొమ్మిది రోజుల తరవాత లోయ మొదలు. డొక్కలు ఆరడానికి పట్టే రోజులు! మధ్యలో వాన పడితే లోయ తెగిపోయి చిన్న కొండ. ఒకటి కాదు, పది కాదు, ఇరవై ఏడు ఇళ్ళల్లో ఇదే వరస. నేను రూలు కోసం ఎంచుకున్న నెల సరిగ్గా లోయ అడుగున పడుకుని ఉంది.

నేల మీద మోకాళ్ళమీద ఉన్నవాణ్ణి లేచి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఊపేశాను. యాభైకి దగ్గర పడుతున్న మనిషిని, చిన్నపిల్లాడిలా. "దొరికింది! దొరికింది!" ఇంజినీరు గారు తన గదిలోంచి వచ్చి, కాగితాలు తొక్కకుండా గోడవారగా నడుచుకుంటూ మొత్తం చూశారు.

"అందంగా ఉందండి," అన్నారు చివరికి. "కానీ ఆర్డరు పైన సంతకమైపోయింది. వ్యాను ఆపడం నా చేతుల్లో లేదు. ఆఫీసరు గారు ఎలాగూ వస్తున్నారు కదా, అక్కడే చూపించండి. నమ్మితే నమ్ముతారు."

గురువారం మామూలు పనులతో గడిచింది. శుక్రవారం పొద్దున పదిన్నరకి వ్యాను కాలనీలోకి వచ్చింది. వెనక జీపులో ఆఫీసరు గారు, ఇంజినీరు గారు. మేమిద్దరం ముందే చేరుకున్నాం. జాబితాలో మొదటి ఇల్లు కాబట్టి మొదట చివరింటికే వచ్చారు. గుమ్మంలో నిలబడి చూశాను. ఆవిడ కరెంటు పొయ్యిని తడిగుడ్డతో తుడిచి, ఇచ్చిన రోజు అట్టపెట్టెలోనే సర్ది, పైన కొబ్బరి తాడుతో కట్టి, అరుగు మీద సిద్ధంగా పెట్టింది. వ్యాను వస్తున్న సంగతి ఊళ్ళో ఎవరో చెప్పేశారు.

ఆఫీసరు గారు మర్యాదస్తుడే, తొందర మనిషి. "ఏమ్మా, ఈ పొయ్యి వాడుతున్నారా?"

"ఆయ్."

"మరి వాడటం లేదని మీటరు చెబుతోందే?"

"ఆయ్, మీటరు అలాగంటే అలాగేనండి."

"అంటే పట్టుకెళ్ళిపోమంటారా?"

"తమరు ఇంత ఎండలో ఇంత దూరం వచ్చేరు. ఉత్త చేతుల్తో ఎలా పంపిస్తామండి?"

నవ్వు రావాలి, నాకు ఏడుపొచ్చింది. చేతిలో ఊపిరిలాంటి వస్తువు పెట్టుకుని, అడిగినవాణ్ణి చిన్నబుచ్చలేక, తాడు కట్టి మరీ ఇచ్చేస్తోంది! వ్యాను డ్రైవరు పెట్టె ఎత్తడానికి వంగాడు.

"ఒక్క నిమిషం అన్నా," అని ఆ అమ్మాయి పెట్టె మీద చెయ్యి వేసింది. "సార్, మీ చేతిలో ఈ కాగితం పెట్టుకోండి. ఈ ఇంటి మీటరు చెప్పింది రోజువారీగా ఇందులో ఉంది. అక్కకి చూపించొద్దు. నేను అడుగుతా, అక్క చెబుతుంది, మీరు గీత చూసుకోండి. కలవకపోతే పెట్టె తీసుకుపోండి."

ఆఫీసరు గారికి ఇది వింతగా తోచినట్టుంది. కాగితం తీసుకుని, చూపుడువేలు గీత మీద పెట్టారు. అమ్మాయి ఆవిడ పక్కన అరుగు మీద కూచుంది.

"పోయిన ఆదివారం చర్చికి పోకముందు ఏం వండినావక్కా?"

"ఆదివారం కదండి, కోడికూర. పెరట్లో డొక్కల మీద."

ఆఫీసరు గారు వేలు చూశారు. "సున్నా. సరే."

"పెద్దతోట దింపుకి ముందు వారం?"

"అప్పటికి పాత డొక్కలైపోయేయండి. అంతా కరెంటు మీదే. ఆ గురువారం మా చెల్లెలొచ్చింది, రెండు పూటలా వండేను. పొద్దున్న పులిహార కూడా."

వేలు జరిగింది. "గురువారం... ఇదిగో, ఎత్తుగా ఉంది." ఆయన గొంతు మారింది. "తరవాత?"

ఇక అమ్మాయి అడగవలసిన పనే లేకపోయింది. ఆఫీసరు గారే అడుగుతున్నారు, ఆవిడే చెబుతోంది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది, మేమందరం ఆగుతున్నాం. వాన పడిన నాలుగు రోజులు, సరి. కరెంటు పోయిన శనివారం, సరి. ఒంట్లో బాగోక పక్కింటావిడ అన్నం పంపించిన రోజు, సరి. ఇంజినీరు గారు ఆయన భుజం మీదనుంచి తొంగి చూస్తున్నారు. గుమ్మం బయట కాలనీ అంతా పోగైంది. కొబ్బరి కొట్లో కూడా ఇంత ఉత్సాహంగా లెక్క వినలేదు నేను!

అంతలో ఒకచోట లెక్క ఆగిపోయింది.

"ఆ శనివారం తరవాత వచ్చిన మంగళవారం?"

"పొద్దుణ్ణించీ కరెంటు పొయ్యేనండి. ఖాళీ లేకుండా."

ఆఫీసరు గారు కాగితం దగ్గరగా పెట్టుకున్నారు. మళ్ళీ చూశారు. "మంగళవారం మీటరు సున్నా చూపిస్తోందమ్మా."

నేనే గీసిన గీత అది. ఆవిడ తల వంచుకుంది.

"చెప్పక్కా, ఫర్వాలేదు," అంది అమ్మాయి.

"తప్పైపోయిందండి. ఆ రోజు పొయ్యి మా ఇంట్లో లేదు. వెనకింట్లో పిల్ల కాన్పయి వచ్చింది. వాళ్ళకి మీరు పొయ్యి ఇవ్వలేదు కదండి. బాలింత ఇంట్లో పొగ పెట్టకూడదని, వేణ్ణీళ్ళకీ పథ్యానికీ నా పొయ్యి ఇచ్చేను. ఆ గోడకి తగిలించిన డబ్బా ఊడబీకడం నాకు రాలేదు. అది ఇక్కడే ఉండిపోయింది."

"మీటరు లేకుండా వాడారా!" ఇంజినీరు గారు కేక పెట్టారు.

"మళ్ళీ ఇవ్వనండి బాబూ."

"కాదమ్మా, కాదు!" ఆయన రెండు చేతులూ ఊపేస్తున్నారు. కోపం కాదు అది. "ఎన్ని రోజులు ఇచ్చారు? ఇంకెవరికైనా ఇచ్చారా? ఈ కాలనీలో ఇంకెవరెవరు అలా ఇచ్చుకున్నారు?"

గుమ్మం బయటనుంచి చేతులు లేచాయి. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది. నేను అలవాటుగా లెక్కపెడుతూనే ఉన్నాను. మొహమాటం లేని మీటరు కూడా ఇన్నాళ్ళూ తనకి తెలిసినంతే చెప్పింది.

ఆఫీసరు గారు కాగితం మడిచారు. "ఐదు యూనిట్ల రూలు ఎవరు రాశారు?"

ఇంజినీరు గారు నా వంక చూడలేదు. ఆ మర్యాద ఆయనది. నేనే ఒక అడుగు ముందుకేశాను. "నేనేనండి. తప్పు నెల ఎంచుకున్నాను. దింపు లెక్క తెలిసిన మనిషిని అయ్యుండీ చూసుకోలేదు."

"అయితే మీరే మార్చండి. ఇక్కడే."

ఆ ఇంటి మంచం మీద కూచుని, జాబితా వెనకవైపే రాశాను. ఒక నెల కాదు, కనీసం మూడు దింపుల కాలం చూడాలి. మొత్తం యూనిట్లు కాదు, వాడిన రోజులు లెక్కపెట్టాలి. వాన రోజులు వేరుగా చూడాలి. ఏ ఇంటినీ తీసేముందు ఆ ఇంటికి వెళ్ళి, ఎలా ఉంది అని కాకుండా, నిన్న ఏం చేశారు అని అడగాలి. చేతిరాత వంకరగా వచ్చింది. ఆఫీసరు గారు చదివి, చివరి వాక్యం కింద గీత గీసి, సంతకం పెట్టారు. తరవాత ఆ రూలే కాస్త ఇంగ్లీషు తొడుక్కుని పథకం నివేదికలోకి ఎక్కింది. నాకు మిగిలిపోయిన సబ్జెక్టు అదే కాబట్టి తప్పులున్నాయేమో చెప్పలేను.

ముప్పై ఒక్క ఇళ్ళల్లో నిజంగా వాడనివి నాలుగు తేలాయి. అందులో ఒకాయన, "మా ఆవిడకి షాకు కొడుతుందని భయమండి, ఎన్నిసార్లు చెప్పినా వినదు," అంటూ తనే పొయ్యి తెచ్చి వ్యానులో పెట్టాడు. డ్రైవరుకి అది ఒక్కటే బరువు.

పిల్లలూ, మీరు రేపు ట్యాబు పట్టుకుని వెళతారు. మీటరు అబద్ధం చెబుతుందని నేను అనడం లేదు, మనుషులు నిజమే చెబుతారనీ అనడం లేదు. మా ఇంజినీరు గారు ఆ తరవాత ఏ ఊరు వెళ్ళినా, ప్లగ్గు చూసేముందు పెరడు చూసేవారు. ఆ అమ్మాయి నా దగ్గర గీతలు గియ్యడం నేర్చుకుంది. నేను ఆ అమ్మాయి దగ్గర నేల మీద కూచోవడం నేర్చుకున్నాను. మోకాళ్ళు నొప్పెట్టినా.

ఆ శుక్రవారం ఇంకొక్క సంగతి జరిగింది. సంతకమయ్యాక అందరం లేస్తుంటే చివరింటావిడ దారికి అడ్డం నిలబడింది. టీ తాగకుండా ఎవరూ గుమ్మం దాటడానికి వీల్లేదంది. ఆఫీసరు గారు టైము చూసుకున్నారు, ఆవిడ మొహం చూశారు, కూచున్నారు. పెట్టె మీద కొబ్బరి తాడు ముడి గట్టిగా బిగుసుకుపోతే ఇంజినీరు గారే కత్తితో కోసి, పొయ్యి తీసి, గోడ డబ్బాకి తగిలించారు. నలుగురికి సరిపోయే గిన్నెలో తొమ్మిది మందికి టీ కాచింది. పొగ లేని వంటగదిలో గిన్నె పక్కనే నిలబడి, ఎక్కడా గోడ పట్టుకోకుండా, కాలనీ కబుర్లన్నీ చెప్పింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే ముందు ఆ ఇంటి శుక్రవారం గీతే తెరిచాను. డొక్కల రోజులు కదా, తెల్లవారినుంచీ సున్నా, సున్నా, సున్నా. పన్నెండుకి పది నిమిషాల ముందు, లోయ మధ్యలో, ఒక్క చిన్న కొండ. అందులో తొమ్మిదో వంతు నాది.